ఫారం గడియారం, కనెక్షన్ గడియారం

మధ్యాహ్నం ఒంటిగంట. ఓ మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో నాలుగు కౌంటర్ల మీద ఒకే బిల్లింగ్ ప్రోగ్రాం నడుస్తోంది. మూడో కౌంటరు కుర్రాడు బిల్లు కొట్టి ‘సేవ్’ నొక్కాడు. తెర మీద చిన్న పెట్టె వచ్చింది: ‘స్టాకు తక్కువగా ఉంది, కొనసాగించాలా?’ సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి క్యారియర్ వచ్చింది. అతను అవుననలేదు, కాదనలేదు, లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి మిగతా మూడు కౌంటర్లూ బిగుసుకుపోయాయి. ఆ మందున్న ఏ బిల్లు సేవ్ చేయబోయినా అరనిమిషం ఆగి ‘టైమవుట్’ అంటోంది. యజమాని నెట్‌వర్క్ చూసే అబ్బాయికి ఫోన్ చేశాడు. సర్వర్ ఆపి మళ్ళీ వేయమన్నాడు ఆ అబ్బాయి. వేశారు, పని సాగింది. ఎందుకు ఆగిందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

ఈ ఏజెన్సీ నేను కల్పించినదే. ఫారాలతో డేటాబేస్ ప్రోగ్రాములు రాసినవాళ్ళు మాత్రం దీన్ని వెంటనే గుర్తుపడతారు. సేవ్ బటన్ కోడు కనెక్షన్ తెరిచి, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఆ మందు స్టాకు వరుసను తగ్గించి, ఆ తర్వాత మనిషిని ప్రశ్న అడిగింది. జవాబు వచ్చేదాకా ఆ వరుస మీద తాళం పడే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు అలవాటుగా ఉండే అమరికలో, తాళం కోసం ఆగినవాడు ఎంతసేపైనా ఆగాల్సిందే. డాట్‌నెట్ ప్రోగ్రాములను డేటాబేస్‌తో మాట్లాడించే ఏడీఓ డాట్‌నెట్‌లో ఒక కమాండ్‌కు డిఫాల్ట్‌గా ఇచ్చిన గడువు 30 సెకన్లు. ఆ అరనిమిషం అక్కడిదే.

డెస్క్‌టాప్ ఫారం ప్రోగ్రామింగ్‌లో మూడు దశాబ్దాలుగా ఎడతెగని ప్రశ్న ఒకటుంది. కనెక్షన్ ఆబ్జెక్టును ఎక్కడ డిక్లేర్ చేయాలి? బటన్ క్లిక్ లోపలా, ఫారం పైభాగంలోనా, ప్రాజెక్టంతటికీ కనిపించేలా మాడ్యూల్‌లో పబ్లిక్‌గానా? కొత్తగా చేరిన ప్రతి ప్రోగ్రామరూ అడిగేది ఇదే. పాతవాళ్ళ జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ జవాబులన్నీ ఒకచోట పరిచి చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కడ డిక్లేర్ చేయాలన్నది పైపొర మాత్రమే. దాని అడుగున ఉన్న ప్రశ్న ‘ఇది ఎవరిది, ఎంతసేపు?’ అన్నది. ఫారం మనిషి గడియారం ప్రకారం నడుస్తుంది: టీలు, భోజనాలు, ఫోన్లు అన్నీ అందులో కలిసే ఉంటాయి. కనెక్షన్‌ది మిల్లీసెకన్ల గడియారం. ఈ రెంటినీ ఒకే ముడి వేసిన చోటల్లా ఏదో ఒక రోజు కౌంటర్లు బిగుసుకుంటాయి.

పేరు కనిపించడం వేరు, వస్తువు బతికుండటం వేరు

స్కోప్ అంటే ఒక పేరు కోడులో ఎంత మేర కనిపిస్తుందన్నది. జీవితకాలం అంటే ఆ పేరు వెనకున్న వస్తువు మెమరీలో ఎంతసేపు ఉంటుందన్నది. ఈ రెండూ ఒకటేననుకోవడం నుంచే సగం చిక్కులు పుడతాయి. విజువల్ బేసిక్‌లో ‘స్టాటిక్’ అని డిక్లేర్ చేసిన లోకల్ వేరియబుల్ మంచి ఉదాహరణ. పేరు ఆ ప్రొసీజర్ లోపలే కనిపిస్తుంది. విలువ మాత్రం ప్రొసీజర్ ముగిశాక కూడా ఉండిపోయి మరుసటి పిలుపుకు ఎదురుచూస్తుంది. అంటే స్కోప్ చిన్నది, ఆయుష్షు పెద్దది.

డాట్‌నెట్ విజువల్ బేసిక్‌లో ఇంకో వింత. లూప్ లోపల డిక్లేర్ చేసిన వేరియబుల్ పేరు లూప్ బయట కనిపించదు. దాని ఆయుష్షు మాత్రం ప్రొసీజర్ అంత ఉంటుంది. తొలి విలువ ఇవ్వకుండా వదిలేస్తే, రెండో చుట్టులో మొదటి చుట్టు విలువే పలకరిస్తుంది.

ఈ స్కోప్ చిక్కు కనెక్షన్ దగ్గరికి ఎలా చేరుతుందో చూడండి. పాత వీబీ6లో ఒక బ్లాకు లోపల డిక్లేర్ చేసినా ఆ పేరు ప్రొసీజర్ మొత్తం కనిపించేది. డాట్‌నెట్‌లో బ్లాకు దాటితే కనిపించదు. కాబట్టి ‘ట్రై’ లోపల కనెక్షన్ డిక్లేర్ చేసి, ‘ఫైనల్లీ’లో దాన్ని మూయబోతే కంపైలర్ ఆ పేరే తెలియదంటుంది. సరైన మందు డిక్లరేషన్‌ను ‘ట్రై’కి ఒక వరుస పైన పెట్టడం. చాలామంది విసుగెత్తి దాన్ని ఫారం పైభాగానికి, అక్కడా కుదరకపోతే పబ్లిక్ మాడ్యూల్‌కి ఎత్తేస్తారు. ఎర్రర్ పోతుంది. ఒక్క క్లిక్ పాటు ఉండాల్సిన కనెక్షన్‌కు ప్రోగ్రాం అంత ఆయుష్షు వచ్చిపడుతుంది. మన పాత ప్రాజెక్టుల్లోని గ్లోబల్ కనెక్షన్లు చాలావరకు ఎవరూ ఆలోచించి పెట్టినవి కావు, కంపైలర్‌ను ఒప్పించడానికి పెట్టినవి.

రెండో చిక్కు ఫారాలది. రెండో ఫారం నుంచి మొదటి ఫారంలోని పెట్టెలో పేరు నింపాలి. కుర్రాడు ‘న్యూ’ అని మొదటి ఫారం సృష్టించి, దాని పెట్టెలో పేరు రాస్తాడు. తెర మీద ఏమీ మారదు. అతను రాసింది అదే అచ్చులో పోసిన ఇంకో ఫారంలో, అది తెర మీదికే రాలేదు. క్లాసు వేరు, దాని ఇన్‌స్టెన్సు వేరు అన్న పాఠం పుస్తకంలో చదివినప్పుడు కాదు, ఇలా దెబ్బ తగిలినప్పుడే బుర్రకెక్కుతుంది. వీబీ6లో ఫారం పేరుతోనే ఒక డిఫాల్ట్ ఇన్‌స్టెన్సు దానంతటదే పుట్టేది. ఆ సౌకర్యం ఈ తేడాను దాచేసింది. డాట్‌నెట్ మొదట దాన్ని తీసేసి, 2005 విజువల్ బేసిక్‌లో మళ్ళీ తెచ్చింది. సౌకర్యం తిరిగొచ్చింది, దాంతోపాటు గందరగోళమూ వచ్చింది.

మూడు వారసత్వాలు

ఈ రంగంలో ఎవరు ఏ సలహా ఇచ్చినా, దాని వెనక వాళ్ళు మొదట నేర్చుకున్న పనిముట్టు ఉంటుంది.

మొదటిది విజువల్ బేసిక్. 1991లో వచ్చింది. 1993లో వచ్చిన మూడో వెర్షన్‌తో జెట్ డేటాబేస్ ఇంజిన్ చేతికందింది. 1998 నాటి ఆరో వెర్షన్ ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ ఎడిటర్‌కు మైక్రోసాఫ్ట్ 2008లో మద్దతు ఆపేసినా అందులో రాసిన ప్రోగ్రాములు ఇవాళ్టికీ విండోస్ మీద నడుస్తున్నాయి. దాని లోపలి లెక్క కామ్ పద్ధతిది. ప్రతి ఆబ్జెక్టూ తనను ఎందరు పట్టుకున్నారో లెక్క పెట్టుకుంటుంది. చివరివాడు వదిలిన క్షణంలో చనిపోతుంది. అందుకే అప్పట్లో ‘నథింగ్’ అని రాయడానికి నిజమైన అర్థం ఉండేది. వేరెవరూ పట్టుకోకపోతే కనెక్షన్ అక్కడికక్కడే మూసుకునేది.

ఆ లెక్కలో రెండు గుంటలున్నాయి. తండ్రి ఆబ్జెక్టు పిల్లను, పిల్ల తండ్రిని పట్టుకుంటే ఆ లెక్క ఎప్పటికీ సున్నాకు రాదు, ఇద్దరూ మెమరీలోనే ఉండిపోతారు. రెండోది ‘యాజ్ న్యూ’ అని ఒకే వరుసలో డిక్లేర్ చేయడం. అలా చేసిన వేరియబుల్‌ను ముట్టుకుంటే చాలు, లేని ఆబ్జెక్టు పుట్టుకొస్తుంది. ‘ఇది ఖాళీయేనా?’ అని అడిగినా పుడుతుంది. కాబట్టి ఖాళీ అన్న జవాబు ఎన్నటికీ రాదు.

రెండో వారసత్వం డెల్ఫీ, 1995లో బోర్లాండ్ నుంచి వచ్చింది. అక్కడ ప్రతి కాంపొనెంటుకూ ఓనరు ఉంటాడు. ఓనరు పోతే అతని కింద ఉన్నవన్నీ పోతాయి. ‘ఎవరిది’ అన్న ప్రశ్నను కాంపొనెంట్ లైబ్రరీలోనే అడిగిన పద్ధతి ఇది. కనెక్షన్‌నూ టేబుళ్ళనూ ఫారం మీద పరచకుండా, కంటికి కనబడని ‘డేటా మాడ్యూల్’ అనే పెట్టెలో వేరుగా ఉంచడం డెల్ఫీవాళ్ళ అలవాటు. కాకపోతే ఆ డేటా మాడ్యూల్ సాధారణంగా ప్రోగ్రాంతో పుట్టి ప్రోగ్రాంతోనే పోతుంది. చోటు మారింది, ఆయుష్షు మారలేదు.

డెల్ఫీ నిర్మాతల్లో ముఖ్యుడు ఆండర్స్ హెయిల్స్‌బెర్గ్ తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళి సీ షార్ప్ భాషకు రూపం ఇచ్చాడు. 2002లో డాట్‌నెట్‌తో మూడో వారసత్వం మొదలైంది. ఇక్కడ లెక్కపెట్టడం లేదు, గార్బేజ్ కలెక్టర్ ఉంది. అది తనకు తీరినప్పుడు వచ్చి చెత్త ఊడుస్తుంది. ఎప్పుడొస్తుందో ముందు చెప్పలేం. మెమరీకి ఇది చాలు. సర్వర్ దగ్గర చోటు ఆక్రమించిన కనెక్షన్‌కు ఇది చాలదు. అందుకే ‘డిస్పోజ్’ అనే ఒప్పందం పెట్టారు. ‘యూజింగ్’ బ్లాకు సీ షార్ప్‌లో మొదటి నుంచీ ఉంది, విజువల్ బేసిక్‌కు 2005లో వచ్చింది. బ్లాకు ఎలా ముగిసినా, మధ్యలో ఎర్రరొచ్చి బయటపడినా, కనెక్షన్ మూతపడుతుంది. పేరు కనిపించే మేరనూ వస్తువు బతికే కాలాన్నీ ఒకే గీతతో గీసినది ఈ బ్లాకే. సీ ప్లస్ ప్లస్‌లో డిస్ట్రక్టర్ చాలా ముందే చేసిన పని ఇది. పైథాన్ 2006లో ‘విత్’తో, జావా 2011లో ఏడో వెర్షన్‌తో ఇదే దారికి వచ్చాయి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వీబీ6 నేర్చుకుని, తర్వాత డాట్‌నెట్‌లోకి మారిన తరం తమతో పాత అలవాటొకటి తెచ్చుకుంది. ప్రొసీజర్ చివర అన్నిటికీ ‘నథింగ్’ అని రాయడం. కామ్ లోకంలో అది పని చేసే మందు. డాట్‌నెట్‌లో ఆ వరుస కనెక్షన్‌ను మూయదు, కేవలం దాని పేరు చెరిపేస్తుంది. తాళంచెవి పారేసినంత మాత్రాన గది ఖాళీ అవదు కదా.

ఒక్క కనెక్షన్ ఖరీదెంత?

కనెక్షన్ అంటే కేవలం ఒక తీగ కాదు. నెట్‌వర్క్‌లో సర్వర్‌ను పలకరించాలి, పేరూ పాస్‌వర్డూ తేల్చుకోవాలి, సర్వర్ ఈ మనిషి కోసం కొంత మెమరీ, ఒక సెషన్ కేటాయించాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ లేస్తుంది. అక్కడ డిఫాల్ట్ పరిమితి 100. మైఎస్‌క్యూఎల్‌లో 151. ఎస్‌క్యూఎల్ సర్వర్ 32,767 దాకా అనుమతిస్తుంది. యాక్సెస్ ఫైలు కాగితం మీద 255 మందికి. అంటే తెరవడానికి సమయం ఖర్చు, తెరిచి ఉంచడానికి చోటు ఖర్చు. ఒకటి తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. పద్ధతులన్నీ ఈ బేరంలోంచి పుట్టినవే.

నాలుగు దారులు

మొదటి దారి ప్రోగ్రాం అంతటికీ ఒకే కనెక్షన్. లాగిన్ ఫారంలో తెరుస్తారు, ప్రోగ్రాం మూసేటప్పుడు మూస్తారు. దీన్ని వెక్కిరించడం ఇప్పుడు ఫ్యాషన్. పుట్టిన కాలంలో మాత్రం దానికి న్యాయం ఉంది. తెరవడం ఖరీదైన పని, నెట్‌వర్కు నిదానం, తెరిచిన కనెక్షన్లను అరువిచ్చే పూల్ ఇంకా అందరి చేతికీ రాలేదు. కొన్నిచోట్ల ఇవాళ్టికీ ఇదే సరైనది. నెట్‌వర్క్ ఫోల్డరులో ఉన్న యాక్సెస్ ఫైలును మొదటివాడు తెరిస్తే పక్కన తాళం ఫైలు పుడుతుంది, ఆఖరివాడు మూస్తే అది పోతుంది. క్షణక్షణం తెరిచి మూస్తుంటే ఆ పుట్టుకా చావులతోనే పని మందగిస్తుంది. కాబట్టి ఒక కనెక్షన్ తెరిచే ఉంచమని యాక్సెస్ అనుభవజ్ఞులు చెప్పేది నిజమే. తాత్కాలిక టేబుళ్ళు, సెషన్‌కు కట్టిన అమరికలు వాడేవాళ్ళకు కూడా కనెక్షన్ నిలిచి ఉండాలి.

దీని జబ్బు వేరేచోట ఉంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందని సామెత. అందరి కనెక్షన్‌ను ఎవరూ చూడరు. ఒక ఫారం రీడర్ తెరిచి వదిలేస్తే, ఇంకో ఫారం అదే కనెక్షన్ మీద ప్రశ్న వేయబోయి ‘ఇప్పటికే ఒక రీడర్ తెరిచి ఉంది’ అన్న ఎర్రర్ తింటుంది. ఒక ఫారం ట్రాన్సాక్షన్ మొదలుపెడితే, సంబంధం లేని ఇంకో ఫారం రాత కూడా అందులోకే పోవచ్చు. మొదటిది రోల్‌బ్యాక్ అయితే రెండోదీ దానితో కొట్టుకుపోతుంది. మధ్యాహ్నం వైఫై ఒక్కసారి తెగితే సాయంత్రం దాకా ప్రతి బటనూ ఎర్రరే చూపిస్తుంది. ప్రోగ్రాం మూసి తెరవడమే మార్గం.

రెండో దారి ఫారానికొక కనెక్షన్. లోడ్‌లో తెరిచి, క్లోజ్‌లో మూయడం. చూడ్డానికి చక్కని రాజీ. అయితే నిత్యం ఆరేడు ఫారాలు తెరిచి పెట్టుకునే అకౌంటెంటు దగ్గర ఆరేడు కనెక్షన్లు పొద్దంతా ఊరికే కూర్చుంటాయి. ఒక ఫారం వరుసను పట్టుకుంటే, అదే మనిషి పక్కనే తెరిచిన ఇంకో ఫారం దాని కోసం కాచుకోవాల్సి వస్తుంది. తనకు తానే అడ్డం.

మూడో దారి పనికొక కనెక్షన్. ఆలస్యంగా తెరువు, తొందరగా మూయి. ‘యూజింగ్’ లోపల తెరిచి, ప్రశ్న వేసి, జవాబు తీసుకుని, అక్కడే మూసేయడం. డాట్‌నెట్ వచ్చాక గట్టిపడిన సలహా ఇదే. దీని వెనక పూల్ అనే యంత్రాంగం ఉంది, దాని మాట కాసేపట్లో.

నాలుగో దారి తెంచుకున్న డేటా. ఏడీఓ డాట్‌నెట్ డేటాసెట్ ఇందుకే పుట్టింది. అడాప్టర్ తానే కనెక్షన్ తెరిచి, వరుసలన్నీ మెమరీలోకి నింపి, తానే మూసేస్తుంది. మనిషి గంటసేపు గ్రిడ్‌లో దిద్దుకున్నా సర్వర్‌కు ఆ సంగతే తెలియదు. ‘అప్‌డేట్’ అన్నప్పుడు మళ్ళీ ఒక్క క్షణం తెరుస్తుంది. రెండు గడియారాలను విడదీసిన గట్టి ప్రయత్నం ఇది. బదులుగా వచ్చిన కష్టం పాతబడ్డ డేటా. నువ్వు దిద్దుతున్న వరుసను ఈలోగా ఇంకొకరు దిద్ది ఉండొచ్చు. టేబుల్‌లో రోవెర్షన్ లాంటి గుర్తు పెట్టుకుని, సేవ్ చేసేటప్పుడు అది మారిందేమో చూసుకోవాలి. చూసుకోకపోతే ఆఖర్న రాసినవాడిదే చెల్లుతుంది, ముందు రాసినవాడికి కబురైనా అందదు.

పూల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఊరి బావి దగ్గర ఒకే చేద ఉందనుకోండి. తోడుకున్నవాళ్ళు గట్టు మీద పెడితే తర్వాతివాళ్ళు తీసుకుంటారు. చేతిలో పట్టుకునే కబుర్లలో పడితే వెనక వరుస పెరుగుతుంది. కనెక్షన్ పూల్ పద్ధతీ అంతే. మనం ‘క్లోజ్’ అన్నప్పుడు అసలు కనెక్షన్ తెగదు, గట్టు మీదికి వెళ్తుంది. మళ్ళీ ‘ఓపెన్’ అన్నప్పుడు అదే చేతికొస్తుంది, ముందువాడి మిగులు అమరికలు తుడిచేసి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ డాట్‌నెట్ డ్రైవరులో ఒక పూల్ గరిష్ఠ పరిమాణం డిఫాల్ట్‌గా 100, కనిష్ఠం సున్నా. ఖాళీగా పడున్నవాటిని సుమారు నాలుగు నుంచి ఎనిమిది నిమిషాలకు తీసేస్తుంది. నూరూ చేతుల్లో ఉండి నూటొకటోది అడిగితే 15 సెకన్లు ఆగి, పూల్ నుంచి కనెక్షన్ దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చూసి పరిమాణాన్ని 500 చేసేవాళ్ళున్నారు. నాలుగు కౌంటర్ల డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో ఒక మనిషికి నూరు కనెక్షన్లు చాలలేదంటే, కోడులో ఎక్కడో మూయకుండా వదిలేస్తున్నారనే అర్థం. చిల్లి కుండకు పెద్ద కుండ మందు కాదు.

డెస్క్‌టాప్‌వాళ్ళు తరచూ మరిచిపోయే విషయం ఇంకొకటి. పూల్ ప్రాసెస్‌కు ఒకటి. వెబ్ సర్వర్‌లో వెయ్యిమంది ఒకే ప్రాసెస్ గుండా వస్తారు కాబట్టి ఇరవై కనెక్షన్లతో వెయ్యిమంది పని జరిగిపోవచ్చు. డెస్క్‌టాప్‌లో ప్రతి కౌంటరుదీ వేరే బావి. యాభై కంప్యూటర్లుంటే యాభై పూళ్ళు, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. కనెక్షన్ స్ట్రింగులో ఒక్క ఖాళీ తేడా ఉన్నా అదే కంప్యూటర్లో రెండో పూల్ పుడుతుంది. కాబట్టి పూల్ ఉందిగదా అని వెబ్ ప్రపంచపు లెక్కలు ఇక్కడ వేయకూడదు. అయినా పనికొక కనెక్షన్ పద్ధతి ఇక్కడా లాభమే. వరసగా పది ప్రశ్నలు వేసేటప్పుడు పదిసార్లు లాగిన్ ఖర్చు పడదు. భోజనానికి వెళ్తే కొద్ది నిమిషాల్లో సర్వర్ మీద బరువు దానంతటదే దిగిపోతుంది.

ఎస్‌క్యూఎల్‌లైట్ సంగతి వేరు. అక్కడ సర్వరే లేదు, ఉన్నదొక ఫైలు. ఒకసారికి ఒక్కరే రాయగలరు. 2010లో వచ్చిన వాల్ పద్ధతితో, రాస్తుండగానే చదివేవాళ్ళు చదువుకోగలుగుతున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎస్‌క్యూఎల్‌లైట్ డ్రైవరుకు ఆరో వెర్షన్‌తో పూలింగ్ వచ్చాక కొత్త తలనొప్పి మొదలైంది. కనెక్షన్ మూశాం కదా అని ఫైలు చెరపబోతే, ‘ఇంకొకరు వాడుతున్నారు’ అంటుంది విండోస్. ఆ ఇంకొకరు మన పూలే. దాన్ని ఖాళీ చేయమని విడిగా చెప్పాలి.

మనిషిని అడిగాకే తాళం

పద్ధతి ఏదైనా, మొదటి సన్నివేశంలోని తప్పు జరగొచ్చు. పనికొక కనెక్షన్ అన్నవాడు కూడా ఆ ‘పని’ మధ్యలో మెసేజ్ బాక్స్ పెట్టేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. సూత్రం ఒక్కటే: అడగాల్సినవన్నీ ముందు అడుగు, ఆ తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టు, మొదలుపెట్టాక ఎవరితోనూ మాట్లాడకు. స్టాకు ఉందో లేదో ముందే చదివి అడగాలి. ట్రాన్సాక్షన్‌లో మళ్ళీ ఒకసారి సరిచూసుకోవాలి. ఈలోగా స్టాకు మారిపోయి ఉంటే రోల్‌బ్యాక్ చేసి, బయటికొచ్చి, మళ్ళీ అడగాలి.

దీనికి ఎదురుగా గౌరవించాల్సిన వాదన ఒకటుంది. ఆరకిల్ ఫార్మ్స్‌లో వాడుకరి ఒక వరుసలో మొదటి అక్షరం మార్చగానే ఆ వరుసకు తాళం పడటం అలవాటు అమరిక. డెవలపర్ 2000 (డీ2కే) పేరుతో ఆ పనిముట్టు నేర్చుకున్నవాళ్ళు దాన్ని సహజంగా భావించేవారు. ‘నేను దిద్దుతుండగా ఇంకొకరు ముట్టుకోకూడదు’ అన్నది న్యాయమైన కోరికే. ఒకే సీటు ఇద్దరికి అమ్మకూడదు. అయితే ఆ కోరిక వ్యాపారానిది, మనిషి గడియారానికి చెందినది. దాన్ని డేటాబేస్ తాళంతో తీర్చడం కంటే టేబుల్‌లోనే ‘ఫలానావాడు పట్టుకున్నాడు, ఇంతవరకు’ అని రెండు గడులు పెట్టి రాసుకోవడం మేలు. కరెంటు పోయినా, ప్రోగ్రాం కూలినా, గడువు తీరగానే అది దానంతటదే వదిలిపోతుంది. ఎవరు పట్టుకున్నారో పక్క కౌంటరుకు పేరుతో సహా చెప్పనూ వచ్చు.

మూసినా పోని ఫారాలు

కనెక్షన్ సంగతి ఇంత మాట్లాడుకుని ఫారాన్ని వదిలేస్తే సమీక్ష సగమే. మూలన ఉన్న గుర్తు నొక్కితే ఫారం పోయిందనుకుంటాం. వీబీ6లో అన్‌లోడ్ చేసిన ఫారంలోని ఒక పెట్టెను ఎక్కడో మరిచిపోయి ముట్టుకుంటే ఆ ఫారం చప్పుడు లేకుండా మళ్ళీ లోడవుతుంది. డెల్ఫీలో మామూలు ఫారం మూస్తే అలవాటుగా దాక్కుంటుంది, వదిలించుకోవాలంటే విడిగా చెప్పాలి. విండోస్ ఫార్మ్స్‌లో ‘షో’తో తెరిచిన ఫారం మూయగానే డిస్పోజ్ అవుతుంది. ‘షోడైలాగ్’తో తెరిచినది దాక్కుంటుందంతే. మూశాక అందులో నింపినవి చదువుకోవాలి కదా, అందుకు. డిస్పోజ్ మన బాధ్యత. రోజుకు వందలసార్లు తెరిచే ‘కస్టమర్ వెతుకు’ డైలాగును ఇలా వదిలేస్తే విండోస్ హ్యాండిళ్ళు పోగుపడతాయి. ఒక ప్రాసెస్‌కు వాటి డిఫాల్ట్ హద్దు 10,000. సాయంత్రమయ్యేసరికి బటన్లు గీసుకోవడం మానేసి, తెర తెల్లబోతుంది.

ఇంకా లోతైన కారణం ఈవెంట్లు. ప్రోగ్రాం పొడవునా బతికే ఒక ఆబ్జెక్టు ఈవెంటుకు ఫారం చెవి ఒగ్గితే, ఆ ఆబ్జెక్టు ఫారాన్ని పట్టుకున్నట్టే. ఫారం మూసినా గార్బేజ్ కలెక్టర్ దాన్ని ముట్టుకోలేదు. దాని ఫీల్డుగా ఉన్న డేటాసెట్‌నూ ముట్టుకోలేదు. ఫారం స్థాయిలో కనెక్షన్ పెట్టుకున్నవాళ్ళకు ఇక్కడ రెండు లీకులు ఒకదాన్నొకటి మోసుకుంటాయి.

వేచి ఉండే పనులతో ఇంకో మలుపు వచ్చింది. 2012లో సీ షార్ప్‌కు ‘ఎవెయిట్’ వచ్చాక, ప్రశ్న నడుస్తుండగా ఫారం స్తంభించడం తప్పింది. కానీ జవాబు వచ్చేసరికి ఫారమే మూతపడి ఉండొచ్చు. లేని గ్రిడ్‌లో వరుసలు నింపబోయి ప్రోగ్రాం కూలుతుంది. ఫారం మూతపడేటప్పుడు నడుస్తున్న ప్రశ్నను రద్దు చేయడం, జవాబు చేతికొచ్చాక ఫారం ఇంకా ఉందో లేదో చూడటం ఇప్పుడు తప్పనిసరి మర్యాద.

మ్యాపర్లు చెప్పిన జవాబు

టేబుళ్ళను క్లాసులుగా చూపే మ్యాపర్లు వచ్చాక పాత ప్రశ్న కొత్త బట్టలు వేసుకుంది. ‘సెషన్’ లేదా ‘డీబీకాంటెక్స్ట్’ ఆబ్జెక్టు ఎంతకాలం ఉండాలి? వెబ్‌లో జవాబు సులువు: ఒక రిక్వెస్టుకు ఒకటి. డెస్క్‌టాప్‌లో రిక్వెస్టే లేదు. ప్రోగ్రామర్ ఓరెన్ ఐనీ 2009 డిసెంబర్ ఎంఎస్‌డీఎన్ మ్యాగజైన్‌లో, ఎన్‌హైబర్నేట్ అనే మ్యాపర్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాస్తూ ఇదే ప్రశ్న ఎత్తుకున్నారు. ప్రోగ్రాం అంతటికీ ఒకే సెషన్ వద్దని, ఫారానికొకటి పెట్టుకోమని ఆయన మొగ్గు. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ ఫార్మ్స్‌లో ఫారానికొక కాంటెక్స్టు వాడమంటుంది, మార్పుల లెక్క అదే చూసుకుంటుందని.

పైపైన చూస్తే ఇది రెండో దారికి తిరిగి రావడంలా ఉంటుంది. కాదు. ఫారం పొడవునా బతికేది కాంటెక్స్టు. అది మనిషి చేసిన మార్పులను గుర్తుపెట్టుకుంటుంది. కనెక్షన్‌ను మాత్రం ప్రశ్న వేసేటప్పుడు తీసుకుని, పని కాగానే వదిలేస్తుంది. మనిషి గడియారంతో నడిచేదొకటి, యంత్రం గడియారంతో నడిచేది ఇంకొకటి, మధ్యలో ఒక తలుపు. డేటాసెట్ చేసిన పనిని ఇది ఇంకొంచెం నేర్పుగా చేసింది. పాతబడ్డ డేటా సమస్య మాత్రం ఇందులోనూ అలాగే ఉంది. ఒకే కాంటెక్స్టును రెండు థ్రెడ్లు ముట్టుకోకూడదన్న షరతూ ఉంది.

అసలు ఫారానికి డేటాబేస్ ఎందుకన్నవాళ్ళు కూడా ఉన్నారు. మధ్యలో ఒక సర్వీసు పెట్టి, ఫారం దానితోనే మాట్లాడాలంటారు. వాళ్ళ వాదనలో బలముంది. పూల్ ఒక్కచోట చేరుతుంది కాబట్టి యాభై బావులు ఒకటవుతాయి. కనెక్షన్ స్ట్రింగు, దానిలోని పాస్‌వర్డు ప్రతి కౌంటరులో పడి ఉండవు. శాఖలు వేర్వేరు ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఇదే దారి. ఒక్క గదిలో నాలుగు కౌంటర్లున్న ఏజెన్సీకి మాత్రం ఇది పెళ్ళి వంటకు తెచ్చే గంగాళంలో ఇద్దరికి కాఫీ కాయడం.

తేలిందేమిటి

ఈ దారులన్నీ చూశాక ఒక వరుస దానంతటదే కుదురుతుంది. సర్వర్ డేటాబేస్ ఉంటే కనెక్షన్‌ను ఎక్కడా దాచుకోవద్దు. దాచుకోవాల్సింది కనెక్షన్ స్ట్రింగును మాత్రమే, అదీ ఒక్కచోట. తెరిచిన ప్రొసీజరే మూయాలి, ‘యూజింగ్’ ఆ మాట నిలబెట్టే సాక్షి. ఫారం స్థాయిలో ఉండాల్సినవి మనిషి పని: మార్పుల లెక్క, ఎంచుకున్న వరుస, సగం నింపిన బిల్లు. ప్రోగ్రాం స్థాయిలో ఉండాల్సినవి లాగిన్ అయిన మనిషి పేరు, అమరికలు. యాక్సెస్ ఫైలు, సెషన్‌కు కట్టుబడ్డ పనులు దీనికి మినహాయింపులు. అక్కడ నిలిచి ఉండే కనెక్షన్ తప్పు కాదు, అయితే దానికి ఒక యజమాని ఉండాలి. తెగితే మళ్ళీ కట్టేది ఎవరో, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది ఎవరో ఆ ఒక్కచోటే రాసి ఉండాలి.

ఏ వేరియబుల్ ముందు కూర్చున్నా ‘దీన్ని ఎక్కడ డిక్లేర్ చేయను’ అనడానికి ముందు ‘ఇది మనిషి కోసం ఆగగలదా, ఆగలేదా’ అని అడిగితే చాలు. ఆగగలిగితే ఫారానిది, ఆగలేకపోతే ప్రొసీజర్‌ది.

ఆ ఏజెన్సీలో దిద్దుబాటు పెద్దదేమీ కాదు. ప్రశ్న అడిగే రెండు వరుసలను ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే వరుసకు పైకి జరపాలి. రాసే ముందు స్టాకును మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. మూడో కౌంటరు కుర్రాడు రేపు కూడా ఒంటిగంటకు సేవ్ నొక్కి, జవాబివ్వకుండా భోజనానికి వెళ్తాడు. వెళ్ళనివ్వండి. అతను చేతులు కడుక్కుని వచ్చేదాకా ఆ పెట్టె తెర మీద అలాగే ఉంటుంది. పక్క కౌంటర్లలో బిల్లులు పడుతూనే ఉంటాయి.